తానే పడికట్టు రాయి

ఏ దేశపు సంతకైనా వెళ్ళి చూడండి. అమ్మేవాడి కళ్ళు కొనేవాడి మొహం మీద ఉంటాయి, కొనేవాడి కళ్ళు కాటా ముల్లు మీద ఉంటాయి. కాటా మాత్రం ఎవరి వంకా చూడదు. అందుకే దానికంత మర్యాద. ఆ మర్యాద నిలబడాలంటే దాన్ని అనుమానించే మనిషి ఒకడు ఉండాలి. కాటా పుట్టిన నాడే వాడూ పుట్టి ఉంటాడు, వాడి వంశం ఇంకా తెగలేదు.

ఆ వంశంలోని ఒక మేస్త్రిని మార్కెట్టులో అందరూ వెంట్రుకవాసి అనేవారు. ఎవరి కాటా బాగుచేసినా ఆఖర్న నేలకు వంగి, ఒక కన్ను మూసి, “ఆగు, వెంట్రుకవాసి తేడా ఉంది” అనడం ఆయన అలవాటు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేని మనిషి నోట ఆ మాట వినేసరికి జనానికి పేరు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. పేరెట్టి పిలిస్తే ఆయనకు కోపమూ రాలేదు. బోడితల తడుముకుని, “ఉన్నవన్నీ కాటాలకే ఖర్చయ్యాయి” అనేవాడు.

పని నేర్పింది మేనమామ. పందొమ్మిదేళ్ళ వయసులో మొదటిరోజు ఆయన చెప్పిన మాట ఒకటే: “ముల్లు ఎంత చూపిందన్నది తరవాత సంగతిరా. ముందు దాని ఒంట్లో బాగుందో లేదో చూడు.” ఆ మాట చెవి నుంచి చేతిలోకి దిగింది. నలభై మూడేళ్ళుగా ఏ కాటా ముందు నిలబడ్డా కుడిచెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళి, ముల్లును సున్నాకు సరిచేసే ఇత్తడి మరను తడిమేది. పెళ్ళిచూపుల్లో మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ పక్కనున్న కాటాను సరిచేశాడట. కాబోయే అత్తగారు పిల్లాడి చేతులు ఊరుకోవంటూ గుసగుసలాడింది. ఆ పెళ్ళికూతురు, అంటే ఇప్పుడాయన భార్య, అది తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

ఆవిడ దర్జీ దుకాణాలకు చొక్కాల కాజాలు కుట్టి ఇస్తుంది. మూడో అంతస్తులోని రెండు గదుల ఇల్లు, వీధివైపు కిటికీ, కిటికీ దగ్గర ఆవిడ కుర్చీ. రోజుకు నలభై కాజాలు. ఒక కాజాకూ ఇంకో కాజాకూ దారమంత తేడా ఉండదు. ఒక ఇంట్లో ఇద్దరు ఖచ్చితమైన మనుషులు ఉండటం మంచిదో కాదో చెప్పడం కష్టం. వీళ్ళిద్దరికి మాత్రం సరిపోయింది.

ఒక సాయంత్రం ఆయన పనినుంచి వస్తూ రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆవిడ కిందికి దిగి చూస్తే చేప ఒడ్డున పడ్డట్టు గాలి కోసం నోరు తెరుస్తున్నాడు, కాళ్ళు రెండూ పొంగి ఉన్నాయి. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. గుండె నీరసించింది, తోడాల్సినంత తోడటం లేదు, అందుకని నీరు ఒంట్లోనే నిలిచిపోతోంది అన్నారు.

ఇంటికి పంపే రోజున నర్సమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పెద్ద గొంతు మనిషి. మూడు మంచాల అవతలివాళ్ళకు కూడా ఉచితంగా సలహా అందేది.

“వినండి బాబాయ్. ఉప్పు సగానికి తగ్గాలి. నీళ్ళు ఈ సీసాతో రోజుకు సీసాన్నర, అంతే. ఇరవై నిమిషాల నడక. బరువులు ముట్టుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున్నే ఒంటికి వెళ్ళొచ్చాక, నోట్లో ఏమీ పడకముందు, కాటా ఎక్కి బరువు పుస్తకంలో రాయాలి. రెండు రోజుల్లో కిలో పెరిగినా, వారంలో రెండు కిలోలు పెరిగినా అది కండ కాదు, నీరు. ఆ రోజే ఇక్కడికి రావాలి. ఎల్లుండి చూద్దాం అనుకుంటే గుండెలో ఇంకో ముక్క పోతుంది. పోయింది మళ్ళీ రాదు.”

“మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మా?” అంది ఆవిడ. “ఇన్నేళ్ళకు కొత్త అలవాట్లంటే ఈయన...”

“వంగక్కర్లేదు పిన్నీ, అంటు కట్టండి. రోజూ తప్పక చేసే పని ఏదో ఒకటి ఉంటుందిగా, దానికి దీన్ని ముడేయండి. పళ్ళు తోముకోగానే కాటా. కాజా కుట్టే సూది పక్కన పెట్టగానే నడక. పాత అలవాటు కొత్తదాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.”

“కాటా ఎక్కడమేగా?” అన్నాడాయన, పదకొండు రోజుల తరవాత మొదటిసారి నవ్వుతూ. “అది నాకు వెన్నతో పెట్టిన విద్య.”

ఆరంభశూరత్వం గురించి అందరికీ తెలుసు. కొత్త డైరీలో మొదటి పది పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుతాయి, ఆ తరవాతి పేజీల్లో చాకలిపద్దులు ఉంటాయి. అలాంటి డైరీ లేని ఇల్లు ఏ ఊళ్ళోనూ ఉండదు. ఆవిడ భయమూ అదే. ఉప్పు డబ్బాను బొత్తాల పెట్టెలో దాచింది. ఆయన కుక్కలా వాసన పట్టి దాన్ని కనిపెట్టాడు. దారపు కండెల కింద దాచింది, అక్కడా దొరికింది. చివరికి పక్కింట్లో పెట్టి, వంట పూట చిటికెడు అడిగి తెచ్చుకునేది. ఆయన మొదటి నెల కంచం ముందు కూర్చుని, “గడ్డి తినే పశువుకి కూడా ఉప్పురాయి పెడతారే” అని సణిగేవాడు. రెండో నెలలో సణుగుడు ఆగింది. మూడో నెలలో ఎవరింట్లోనో తినొచ్చి, “ఏమిటే అది, సముద్రాన్ని వండారు!” అన్నాడు. నాలుక కొత్త కొలతకు అలవాటుపడింది.

నడకకు తోడు ఆవిడ తమ్ముడు. మార్కెట్టులో ఉల్లిపాయల టోకు వ్యాపారం, ముందు పొట్ట, వెనక మనిషి.

“నీకోసం అనుకునేవు బావా, నా పొట్ట కోసం వస్తున్నా,” అని మొదటి మూడు రోజులూ బావ కంటే ముందు నడిచాడు. నాలుగోరోజు వీధి మూల అరుగు మీద చతికిలబడ్డాడు.

“ఏమైందిరా?”

“మోకాలు సెలవు పెట్టింది బావా. నువ్వు నడు, నేను చుట్లు లెక్కపెడతా. ఒక్క పనికి ఇద్దరం కష్టపడటం దేనికి?”

ఆ రోజునుంచి అతని ఉద్యోగం అదే అయింది. అయినా రోజూ వచ్చేవాడు. పనికిమాలిన అలవాట్లు కూడా అంతే గట్టిగా నిలుస్తాయి మరి.

ఇక కాటా. మూతపడిన ఏదో మందుల దుకాణం నుంచి తెచ్చిన, గుండ్రటి ముఖం ఉన్న పాతదాన్ని ఆయనే విప్పి, తుడిచి, నూనె పెట్టి, కిటికీ పక్కన నిలబెట్టాడు. పొద్దున్నే పళ్ళు తోముకుని దాని ముందుకు రావడం, చెయ్యి వెనక మరను తడమడం, ఎక్కడం, చూడటం, దిగి రాయడం. డెబ్భై ఒకటి. మర్నాడు డెబ్భై ఒకటి. ఎప్పుడో వంద గ్రాములు అటూ ఇటూ. ఆ పుస్తకంలో నిలువుగా ఒకే అంకె దిగుతూ పోయింది. నూరు రోజులు. నూట యాభై. నర్సమ్మ ఆ పుస్తకాన్ని వార్డంతా తిప్పి చూపించింది. ఆవిడ కూడా రాత్రిళ్ళు ఆయన ఊపిరి లెక్కపెట్టడం మానేసి నిద్రపోవడం మొదలుపెట్టింది. బతికి బట్టకట్టాం అనుకుంది.

ఐదో నెలలో ఆయన మళ్ళీ మార్కెట్టుకు వెళ్ళసాగాడు. చిక్కొచ్చి పడింది పడికట్టు రాళ్ళతోనే. బస్తాలు తూచే పెద్ద కాటాను సరిచేయాలంటే, తూనికల ఆఫీసువాళ్ళ ముద్ర ఉన్న ఇరవై కిలోల ఇనుపరాళ్ళు దాని మీద పెట్టి చూడాలి. అవి ఎత్తకూడదు. నాలుగు రాళ్ళూ మంచం కింద దుమ్ము తింటున్నాయి.

ఉపాయం చెప్పింది బావమరిదే. ఉల్లిపాయల బస్తాల మధ్య తన కాటా చూపించి, “రాళ్ళు దేనికి బావా? నీ బరువు నీకు గ్రాములతో సహా తెలుసుగా. నువ్వే ఎక్కరాదూ?” అన్నాడు.

ఆయన నవ్వాడు. తరవాత ఆలోచించాడు. తరవాత సంచీ పక్కన పెట్టి ఎక్కాడు. ఇంట్లో డెబ్భై ఒకటి, బట్టలూ బూట్లతో డెబ్భై రెండు. ముల్లు డెబ్భై రెండున్నర చూపింది. మర తిప్పి డెబ్భై రెండు చేశాడు. మంచం కింది రాళ్ళను బావమరిది ఒక్కసారి కూలీలతో మోయించి తెచ్చి సరిచూస్తే వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

“అక్కా, నీ మొగుడు ఇక మనిషి కాడే, పడికట్టు రాయి!” అంటూ ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. “ఏడాదికోసారి ఆఫీసుకు తీసుకెళ్ళి వీపు మీద ముద్ర కొట్టించుకురా.”

ఆవిడ కూడా నవ్వింది, లోపల కాస్త గర్వపడింది కూడా. తాను చిటికెలు లెక్కపెట్టి పెట్టిన ఉప్పు, సీసాతో కొలిచి పోసిన నీళ్ళు కలిసి ఇలాంటి నిలకడైన మనిషిని చేశాయనుకుంది. తప్పు కూడా కాదు. అలా తొమ్మిది పెద్ద కాటాలు ఆయన చేతిలోకి, నిజానికి ఆయన కాళ్ళ కిందికి వచ్చాయి. మూడు రోజులకొకసారి ఒక చుట్టు తిరిగి, ఎక్కి, దిగి, సరిచేసి వచ్చేవాడు.

వానలు మొదలయ్యాయి. ముసురు పట్టి, మార్కెట్టు రేకుల కప్పు పగలంతా మోగేది. ఒక పొద్దున ఇంటి కాటా డెబ్భై ఒకటి మీద మూడొందల గ్రాములు చూపింది. “చెమ్మకు స్ప్రింగు మెత్తబడింది,” అన్నాడాయన. మేనమామ కూడా చెప్పేవాడు, వానాకాలంలో కాటాలకు జ్వరం వస్తుందని. కాటా మీద నిలబడే వంగి, చెయ్యి వెనక్కి పోనిచ్చి మర తిప్పాడు. డెబ్భై ఒకటి. దిగి పుస్తకంలో రాశాడు.

ఆ మధ్యాహ్నం మార్కెట్టులో బావమరిది కాటా ఎక్కితే అదీ మూడొందలు ఎక్కువ చూపింది. ఆ పక్కది కూడా. “చూశావా, అన్నిటికీ ఒకటే రోగం,” అని అన్నిటికీ ఒకటే మందు వేశాడు.

ముసురు వెలిసేదాకా మార్కెట్టు చుట్టు కూడా రోజూ తిరగసాగాడు. మర్నాడు మళ్ళీ కొంచెం. ఆ మర్నాడు ఇంకొంచెం.

దిగాక సున్నా చూసుకోలేదా అని ఎవరైనా అడగొచ్చు. చూసుకున్నాడు. అలాంటి కాటాల్లో సున్నా దగ్గర ముల్లుకు అడ్డంగా చిన్న మేకు ఉంటుంది, ముల్లు దాన్ని దాటి కిందికి పోదు. కాబట్టి మనిషి దిగగానే, సున్నా కిందికి పోవాల్సిన ముల్లు కూడా బుద్ధిగా వచ్చి సున్నా మీద ఆనేది. రాళ్ళు ఎత్తే రోజుల్లో అయితే రెండు నిమిషాల్లో గుట్టు బయటపడేది. ఇప్పుడు ఉన్న రాయి ఒక్కటే, అది తానే. నూట డెబ్భై రోజులుగా కదలని రాయి. కాటా కదిలిందంటే నమ్మడం ఆయన వృత్తి, రాయి కదిలిందంటే ఎలా నమ్ముతాడు?

ఆవిడ మాత్రం చూస్తూనే ఉంది. మేజోళ్ళు విప్పితే పిక్కల మీద అంచు గాడి పడి, గంట దాకా పోవడం లేదు. రెండో దిండు అడుగుతున్నాడు.

“ఏవండీ, కాళ్ళు పొంగినట్టు లేవూ?”

“బూట్లే. వానకు తోలు బిగిసింది.”

“మెట్లెక్కి వచ్చి చాలాసేపు మాట్లాడటం లేదు మీరు.”

“మాట్లాడితే ఎక్కువ మాట్లాడతానంటావు. ముల్లు చూడవే! నాకంటే నీకంటే అది నిజం చెప్తుంది.”

ఆవిడ చూసింది. డెబ్భై ఒకటి. పుస్తకం తిరగేసింది. పై నుంచి కింది దాకా డెబ్భై ఒకటి. మనిషితో వాదించొచ్చు, అలిగితే అన్నం మానేయొచ్చు, అంకెతో ఏం చేస్తాం? ఆయన చెయ్యి కాటా వెనక్కి వెళ్ళడం రోజూ చూస్తూనే ఉంది. కానీ ఆ చెయ్యి అక్కడికి వెళ్ళడం ఆవిడకు పెళ్ళిచూపుల నాటినుంచీ తెలిసిన సంగతే. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

ఆరో రోజున ఆయన నడకకు వెళ్ళాక నర్సమ్మకు ఫోన్ చేసింది.

“బరువెంత పిన్నీ?”

“డెబ్భై ఒకటి అమ్మా. నిన్నా అంతే. మొన్నా అంతే. కానీ...”

“అయితే నీరు కాదులెండి. పుస్తకం అలా ఉన్నవాళ్ళకు భయం లేదు. వచ్చే వారం ఎలాగూ రావాలిగా, చూద్దాం.”

ఆవిడ ఫోన్ పెట్టేసింది. తన కళ్ళు ఒకటి చెప్తున్నాయి, భర్తా, కాటా, ఆసుపత్రీ ఇంకొకటి చెప్తున్నాయి. మూడు నోళ్ళు ఒకటైతే తన కళ్ళదే పొరపాటేమో అనుకుని మళ్ళీ సూది తీసుకుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం తమ్ముడు వానలో తడిసి, రొప్పుతూ వచ్చాడు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఈ మధ్య పడుకుంటే ఊపిరాడటం లేదని కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.

“బావా, నా పరువు గంగలో కలిసింది! యాభై కిలోల బస్తా నలభై ఏడున్నర తూగుతోంది. దొంగవని లారీవాణ్ణి నానా మాటలన్నా. వాడు పక్కకొట్టు కాటా మీద పెట్టమన్నాడు. అక్కడా అంతే. ఆ పక్కన కూడా అంతే. తొమ్మిది కాటాలూ కూడబలుక్కున్నట్టు రెండున్నర తక్కువ! చివరికి వాడు మార్కెట్టు బయట, నువ్వు ముట్టని కాటా మీద పెట్టించాడు. సరిగ్గా యాభై! ఇప్పుడు వాడు నన్ను దొంగంటున్నాడు.”

“తొమ్మిదీనా?” అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. “ఒకటి తప్పొచ్చు. తొమ్మిది కాటాలు ఒకే తప్పు ఎలా చేస్తాయిరా?”

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఇంకా కుట్టు విప్పని పది కిలోల పిండి సంచీని చంటిబిడ్డలా ఎత్తుకొచ్చింది. కాటా మీద పెట్టింది. ముల్లు ఏడున్నర దగ్గర ఆగింది.

ఆయన ముల్లు వంక చూశాడు, తన కాళ్ళ వంక చూశాడు. నలభై మూడేళ్ళ మేస్త్రి, లెక్క కట్టడానికి క్షణం పట్టలేదు.

“వాన కాదే,” అన్నాడు మెల్లగా. “నేనే.”

ఈసారి ఆసుపత్రిలో ఇరవై రోజులు. నీరు లాగేశారు. కానీ నర్సమ్మ మొదట్లో చెప్పిన ఆ గుండె ముక్క పోయింది. వారం ముందు వచ్చి ఉంటే, అని ఒక డాక్టరు మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి వాక్యం పూర్తి చేయకుండా వెళ్ళిపోయాడు. నర్సమ్మ పుస్తకం చేతిలో పట్టుకుని చాలాసేపు పేజీలు తిప్పింది. ఆ పెద్ద గొంతు ఎక్కడికో పోయింది.

“ఒక్క పూట తప్పలేదు పిన్నీ. ఇంత నిష్ఠగా రాసినవాళ్ళను నేను చూడలేదు. పాత అలవాటుకు ముడేయమని చెప్పింది నేనే.”

ఆవిడ ఎవర్ని తప్పుపట్టాలో తెలియక, “మీరు బాగానే చెప్పారమ్మా,” అంది. బద్ధకస్తుడైతే, మతిమరుపువాడైతే, ఉప్పు దొంగిలించి తినేవాడైతే తిట్టడానికైనా ఉండేది. చెప్పినవన్నీ చేసిన మనిషిని ఏమని తిట్టేది?

మంచం మీదనుంచి ఆయన అడిగింది ఒకటే, కాటాల సంగతి. తమ్ముడు ఇనుపరాళ్ళు మోయించుకుపోయి, వేరే మేస్త్రితో తొమ్మిదీ సరిచేయించాడు. ఆ మాట విన్నాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మూడు అంతస్తులూ నలుగురు మోశారు. ఇక మార్కెట్టు లేదు. నడక కిటికీ నుంచి తలుపు దాకా, మళ్ళీ తలుపు నుంచి కిటికీ దాకా. తమ్ముడు వచ్చి మంచం మీద కూర్చుని లెక్కపెడతాడు, జోకులు మాత్రం మానేశాడు. ఉప్పు ఇప్పుడు పక్కింట్లో కూడా లేదు. రోజూ పొద్దున ఆవిడ ముందు పిండి సంచీని పెట్టి చూసుకుని, తరవాత ఆయన్ని ఎక్కిస్తుంది. ఆయన చేతులు రెండూ ముందుకు పెట్టి, కిటికీ ఊచలు పట్టుకోవాలి. చదివేదీ రాసేదీ ఆవిడే.

“ముందు సున్నా చూశావా?” అంటాడు.

“చూశాను. సంచీ కూడా చూశాను. పది.”

మూడు వారాలు అరవై ఎనిమిది మీద నిలిచింది. తరవాత ఒక మంగళవారం ఎండ బాగా కాసింది. ముల్లు అరవై ఎనిమిదిన్నర. ఆవిడ సంచీ మళ్ళీ పెట్టి చూసింది. పది. ఉప్పు గుర్తుచేసుకుంది, నీళ్ళ సీసా చూసింది, మందుల పెట్టె గళ్ళు లెక్కపెట్టింది. దేంట్లోనూ లోపం లేదు. బుధవారం అరవై తొమ్మిది మీద మూడొందలు.

ఆయన ఊచలు పట్టుకుని వీధి చూస్తున్నాడు. కాటా వెనక ఇత్తడి మర చేతికి అందేంత దూరంలో ఉంది. ఒక్క తిప్పు చాలు. అరవై ఎనిమిది. పొద్దున టిఫినూ, కాజాలూ, తమ్ముడి రాకా, అన్నీ నిన్నటిలాగే. ఆవిడ చెయ్యి లేచిన సంగతి ఆవిడకే కాసేపటికి గాని తెలియలేదు. వేళ్ళు మరకు తగిలాయి. చల్లగా, అరిగి నున్నగా ఉంది.

“ఎంతే?” అన్నాడు వెనక్కి తిరగకుండా.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉన్న అంకె ఉన్నట్టు రాసింది. రాసి, పైకి చదివింది.

ఆయన ఊచలు వదల్లేదు. “నిన్న పొద్దున నేను ఏమైనా తినకూడనిది తిన్నానా?”

“లేదండీ.”

“నువ్వేమైనా మర్చిపోయావా?”

“లేదు.”

“మరి?”

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి, ఆసుపత్రికి వెళ్ళాలి, కుర్చీ మొయ్యడానికి మనుషుల్ని తీసుకురమ్మంది. వాళ్ళు వచ్చేలోగా ఆయనకు ఉతికిన చొక్కా తొడిగి, ఒక్కొక్క బొత్తాం కాజాలోకి పోనిస్తూ నిలబడింది.